గుల్లల దారి

గుల్లల డాక్టరమ్మ మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు నాన్న బట్టీ లోపల ఉన్నాడు. ఎండలు ముదురుతున్నాయి. బట్టీ వెలిగించే ముందు ఏటా ఆయన లోపలి గోడకి మట్టి మెత్తుకునేవాడు. గుల్లల మీద పరిశోధన చేసే మనిషి ఆవిడ. బట్టీ నోటి దగ్గర వంగి, "లోపల ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగింది.

"ఉన్నాం. సున్నం కావాలంటే ఇంకో నెల ఆగాలి," అన్నాడు లోపలినుంచి.

"సున్నం వద్దండీ. గుల్లలు కావాలి."

నాన్న పాక్కుంటూ బయటికి వచ్చాడు. మట్టిలో కళ్ళు తప్ప మనిషి కనపడటం లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు పాత భవనాలు బాగుచేసే మేస్త్రీలు. వాళ్ళకి కావలసింది సున్నం. దాన్ని దేనితో చేస్తామో వాళ్ళకి పట్టదు. గుల్లలు అడిగిన మనిషిని నాన్న చూడటం అదే మొదలు.

మాది గుల్ల సున్నం కాల్చే ఇల్లు. ఏరు సముద్రంలో కలిసే చోటుని మొగ అంటాం. ఆ మొగ ఒడ్డున మట్టి తవ్వితే ఆల్చిప్పలు పొరలు పొరలుగా దొరికేవి. ఎప్పుడో బతికి, ఎప్పుడో చచ్చినవి. వాటినే మేం గుల్లలంటాం. తవ్వి, కడిగి, ఏళ్ళ తరబడి ఎండబెట్టి, కాల్చి, సున్నం చేసేవాళ్ళం. ఆ ఏడాదికి ఒడ్డు ఖాళీ అయిపోయింది. ఇంటి వెనక ఎండిన కుప్ప ఒకటి మిగిలింది. ఒక కాల్పుకి వస్తుంది, పొదుపు చేస్తే రెండోదానికి కొసరు.

డాక్టరమ్మ అడిగింది ఆ కుప్ప.

నాన్న మొహం కడుక్కుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అత్త, అంటే నాన్నకి అక్క, టీ గ్లాసులు తెచ్చి తనూ అక్కడే కూర్చుంది. మా ఇంట్లో ఏ మాటైనా అత్త వినకుండా జరగదు.

"ఈ మొగలో ఒకప్పుడు గుల్లలు దిబ్బలు కట్టి ఉండేవి బాబాయ్ గారూ," అంది డాక్టరమ్మ. "ఏరుకున్నంత ఏరుకున్నారు. తర్వాత పైనుంచి బురద కొట్టుకొచ్చి మిగిలినవాటిని కప్పేసింది. ఇప్పుడు పిల్లల్ని హేచరీలో పుట్టించగలం. కాకపోతే వాటికి ఇక్కడ కూర్చునే చోటు లేదు. గుల్ల పిల్ల బురద మీద కూర్చోదు. గట్టిది ఏదైనా కావాలి. అన్నిటికంటే ఇష్టమైంది ఇంకో గుల్ల. చచ్చిన గుల్లయినా సరే."

"అంటే మా అల్లుడి బాపతే," అంది అత్త. "అత్తారింట్లో గట్టి చోటు చూసుకుని కూర్చుంటుందన్నమాట."

మా ఆయన పెళ్ళయిన దగ్గర్నుంచి మా ఇంట్లోనే ఉంటాడు. "నేను కూర్చోలేదు. పడవ నడుపుతున్నాను," అన్నాడు.

"పడవలో మాత్రం నిలబడతావా ఏంటి?"

డాక్టరమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "బతికున్న గుల్ల ఎలా ఉంటుందమ్మా?" అని అడిగాడు.

ఆవిడ అర్థం కానట్టు చూసింది.

"బజార్లో చూశాను, ఐసు మీద పెట్టి అమ్ముతుంటే. అది వేరు. నీళ్ళలో, దాని చోట అదుండగా చూళ్ళేదు. మా తాత చూశాట్ట. నేను పుట్టేసరికి మా మొగలో ఒక్కటి లేదు. పుట్టిన దగ్గర్నుంచి వీటి ఎముకలు కాలుస్తున్నాను."

"చెబితే తెలిసేది కాదు. చూడాలి," అంది ఆవిడ.

నాన్న కుప్ప వైపు చూసి, తీసుకెళ్ళమన్నాడు.

ఆవిడ గేటు దాటగానే అత్త ఒంటికాలి మీద లేచింది. "ముందూ వెనకా చూడక్కర్లేదా? కుప్ప పోతే బట్టీలో ఏం పోస్తావు, నీ తలకాయా?"

"అవతలి ఒడ్డున గుల్ల ఉంది. కట్టెలొచ్చే లారీలోనే తెప్పించుకుంటాను. నేను కుప్ప ఇచ్చాను గానీ బట్టీ ఇవ్వలేదుగా."

ఆ మాట ఆ నెలంతా చాలాసార్లు అన్నాడు. అడిగినవాళ్ళతోనూ అన్నాడు, అడగనివాళ్ళతోనూ అన్నాడు.

*

పిల్లలు తయారవడానికి నెల పడుతుందని చెప్పి డాక్టరమ్మ హేచరీకి వెళ్ళిపోయింది. గుల్లలు ఎండినవై ఉండాలి, శుభ్రంగా ఉండాలి, వల సంచుల్లో నింపి ఉంచాలి అంది. ఇంకేమీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే నాన్న కొయ్య సుత్తులు బయటికి తీశాడు.

మా ఇంటి సున్నానికి పేరు రావడానికి కారణం ఆ సుత్తులే. గుల్ల రెండు చిప్పలూ కలిసే మడత దగ్గర మందంగా ఉంటుంది. అలాగే బట్టీలో వేస్తే పైన కాలి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆ పచ్చి సున్నంలో కలిస్తే గోడ ఏడాది తిరక్కుండా పొక్కులు లేస్తుంది. అందుకని మేం ప్రతి గుల్లనీ బొటనవేలంత ముక్కలు చేసి మరీ వేస్తాం. మిగతా బట్టీల వాళ్ళు ఆ శ్రమ పడరు.

"బట్టీకి కాదుగా, ఇంత పని అవసరమా?" అని అడిగాను.

"ఊరికే ఇస్తున్నాం కదా అని నాసిరకం ఇస్తామా? ఊరికే ఇచ్చేది ఇంకా బాగుండాలి," అన్నాడు.

నాన్న, అత్త, నేను కొట్టాం. పడవ పని లేని రోజుల్లో మా ఆయన కొట్టాడు. అత్త సుత్తి దెబ్బకొక మాట అంటూ కొట్టేది. ఇది అల్లుడికి, ఇది తమ్ముడికి, ఇది ఆ డాక్టరమ్మకి. అరచేతులు కోసుకుపోయి అన్నం కలుపుకుంటే మండేవి. ముక్కల్ని జల్లెడ పట్టి, పొడి తీసేసి, ఏటి నీళ్ళలో కడిగి, మళ్ళీ ఎండబెట్టి, సంచుల్లో నింపి, పైన పట్టా కప్పాం. బట్టీకి కూడా అంత సోకుగా ఏనాడూ చెయ్యలేదు. ఆవిడ చూసి ఏమంటుందో అని మా అందరికీ లోలోపల ఉంది.

*

డాక్టరమ్మ వ్యానులో పెద్ద తొట్టి, గాలి పంపు, చిన్న ఐస్ పెట్టె తెచ్చింది. పోటు మీద ఉప్పు నీరు మొగలోకి ఎక్కినప్పుడు మా ఆయన పైపు వేసి తొట్టి నింపాడు. ఆవిడ ఐస్ పెట్టె తెరిచి తడి గుడ్డ మూట ఒకటి బయటికి తీసింది. మూట విప్పితే నిమ్మకాయంత ముద్ద. వాడి పారేసిన టీ పొడిలా ఉంది.

"ఇదేంటి?" అంది అత్త.

"ఇవే."

"ఏవి?"

"పిల్లలు. ఇందులో లక్షల్లో ఉంటాయి. మన చుట్టుపక్కల ఊళ్ళ జనాన్నంతా కలిపినా ఇన్ని తలలుండవు."

అత్త ఏ వెక్కిరింతా లేకుండా ముద్ద మీదికి వంగి చూసింది. అది మా ఇంట్లో తరచుగా జరిగే విషయం కాదు.

డాక్టరమ్మ అరుగు మీద మైక్రోస్కోపు పెట్టి, ముద్దలోంచి సూది మొనతో ఒకింత తీసి, చుక్క నీళ్ళలో వేసి మమ్మల్ని చూడమంది. నేను చూసేసరికి గాజు పలక నిండా చిన్న చిన్న గుల్లలు. పూర్తి గుల్లలే, రెండు చిప్పలతో. ఒక్కొక్కదాని లోపల నల్లటి చుక్క. ఒకటి చిప్పలు తెరిచి నాలుకలాంటిది బయటికి చాపింది. దాంతో గాజుని తడుముతూ ముందుకు జరిగింది. ఆగింది. మళ్ళీ తడిమింది.

"ఆ చుక్క కన్ను," అంది డాక్టరమ్మ. "ఆ నాలుకలాంటిది కాలు. ఇప్పుడు వీటి పని ఒక్కటే, చోటు వెతుక్కోవడం. నచ్చిన చోటు దొరికితే అతుక్కుంటాయి. ఆ తర్వాత కాలుండదు, కన్నుండదు. రెంటినీ వదిలేస్తాయి."

"మళ్ళీ లేవడం ఉండదా?" అన్నాడు నాన్న.

"ఉండదు. ఇక బతికినన్నాళ్ళూ అక్కడే."

"సొంతిల్లు ఏర్పడగానే కాలూ కన్నూ పనిచెయ్యకపోవడం మా ఇంట్లో మగాళ్ళందరికీ ఉన్నదే," అంది అత్త. గొంతు మాత్రం మెల్లగా ఉంది, వాటికి వినపడుతుందేమో అన్నట్టు.

నాన్న కన్ను తీయకుండా చాలాసేపు చూశాడు. అది చోటు వెతుక్కుంటుంటే ఆయన కుడిచేతి బొటనవేలు తన మోకాలి మీద అటూ ఇటూ కదిలింది.

"రేపు సాయంత్రం లోపల వీటిని నీళ్ళలో వదలాలి. గుల్లలు చూద్దామా?" అంది డాక్టరమ్మ.

నాన్న ముందు నడిచాడు. పట్టా కొస పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

ఆవిడ ఒక సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. ఇంకో సంచిలోంచి గుప్పెడు తీసింది. మూడోదాని దగ్గరికి వెళ్ళలేదు. అక్కడే తిరగేసి ఉన్న గంప మీద కూర్చుంది.

"అన్నీ ఇలాగే కొట్టేశారా బాబాయ్ గారూ?"

"ఒక్కటి వదల్లేదు," అన్నాడు నాన్న.

ఆ జవాబులో ఉన్న సంతోషం ఆయన మొహంలోంచి పోవడానికి కాసేపు పట్టింది. ఆవిడ ఏమీ అనకపోవడంతో మెల్లగా పోయింది.

"మొత్తం చిప్ప కావాలి," అంది ఆవిడ. "గిన్నెలా ఉంటుంది కదా, ఒకదాని మీద ఒకటి పడితే మధ్యలో సందులుంటాయి. ఆ సందుల్లో నీరు తిరుగుతుంది. పిల్లలు అక్కడే కూర్చుంటాయి, తిండి కూడా ఆ నీళ్ళని వడగట్టే తీసుకుంటాయి. ముక్కలైతే ఒత్తుకుపోతాయి. మొగలో వేశాక బురద ఎక్కి గట్టి దిమ్మయిపోతుంది. నేను చెప్పి ఉండాల్సింది. గుల్లని ఎవరైనా పగలగొడతారని నా బుర్రకి తట్టలేదు."

"పగలగొట్టకుండా ఎవరైనా ఇస్తారని మాకు తట్టలేదు," అన్నాడు నాన్న.

"వేరే చోట దొరకవా?" అన్నాను.

"ఏళ్ళ తరబడి ఎండినవి రేపటిలోగా ఎక్కడ దొరుకుతాయి? పచ్చి గుల్లలు వేస్తే ఉన్న జబ్బులన్నీ మొగలోకొస్తాయి."

"మరి వీటి సంగతి?" నాన్న ఐస్ పెట్టె వైపు చూశాడు.

"చోటు దొరక్కపోతే వెతికి వెతికి చచ్చిపోతాయి. మళ్ళీ పుట్టించాలంటే వచ్చే వేసవికి గానీ కుదరదు. అది కూడా మా పైవాళ్ళు ఒప్పుకుంటే."

గాలి పంపు ఒక్కటే తొట్టిలో బుడబుడమంటోంది.

మా గేటు నుంచి బట్టీ దాకా దారి ఉంది. మా నేల చిత్తడి నేల, వానొస్తే మోకాలు దిగుతుంది. లారీ చక్రం దిగకుండా మా పెద్దవాళ్ళు ఆ దారి పొడుగునా ఎండిన గుల్లలు పరిచారు. అది అణిగాక మరో పొర, అది అణిగాక మరొకటి. కొట్టని గుల్లలు, నిండు చిప్పలు, దారికి ఎవరు కొడతారు? కట్టెలు వచ్చేది, సున్నం వెళ్ళేది ఆ దారి మీదే. అది లేకపోతే బట్టీ ఉన్నా లేనట్టే.

నాన్న ఆ దారి మీద బట్టీ దాకా నడిచి వెళ్ళాడు. బట్టీకి మెత్తిన మట్టి ఆరిందో లేదో చేత్తో తట్టి చూశాడు. పక్కన గోడకి ఆనించి ఉన్న గునపం తీసుకుని, అక్కడే, బట్టీ నోటి ముందే, దారిలోకి దించాడు.

"తమ్ముడూ," అంది అత్త. "లారీ ఎలా వస్తుందిరా?"

"గేటు దాకా వస్తుంది."

"గేటు దాకా వచ్చి?"

నాన్న గునపం మీద బరువు వేసి పైకెత్తాడు. మంచం పట్టెంత పెళ్ళ లేచింది. అడుగున గుల్లలు ఒకదాని పొట్టలో ఒకటి ఒదిగి, చెక్కు చెదరకుండా ఉన్నాయి.

"అక్కా, గంప పట్రా," అన్నాడు.

అత్త డాక్టరమ్మని లేవమని, ఆవిడ కూర్చున్న గంప పట్టుకెళ్ళింది.

ఆ రోజంతా తవ్వాం. పైపొర చక్రాల కింద నలిగి పనికిరాకుండా పోయింది. దాని కింద నుంచి నిండు చిప్పలు వచ్చాయి. లోతుకి వెళ్ళేకొద్దీ అవి పెద్దవయ్యాయి. మొదట నా అరచేయంత. తర్వాత మా ఆయన చేయంత. అన్నిటికంటే అడుగున ఒకటి దొరికింది, నాన్న జాన చాపితే వేళ్ళు కొసకి అందలేదు. డాక్టరమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని అంచు వెంట వేలు రాసింది.

"ఎన్నేళ్ళు పడుతుంది, ఇంతవ్వడానికి?" అని అడిగాను.

"నాకు తెలీదు," అంది. "ఇంత పెరగనిచ్చిన చోటుని నేనెప్పుడూ చూళ్ళేదు."

ఆ మొగ మా ఇంటి ముందరిది. నేను రోజూ అందులో కాళ్ళు కడుక్కుంటాను. ఆ రోజు తలెత్తి దాన్ని చూస్తే ఎవరి ఇంటికో వచ్చినట్టు అనిపించింది.

మట్టి కడిగి నింపితే, మర్నాడు పొద్దెక్కేసరికి సంచులు నిండాయి. గేటు నుంచి బట్టీ దాకా దారి ఉన్న చోట గొయ్యి ఉంది. సంచుల్ని తొట్టిలో దించాక డాక్టరమ్మ తడి గుడ్డ మూట నాన్న చేతిలో పెట్టింది. ఆయన దాన్ని నీళ్ళలో ముంచి గుడ్డ వదులు చేశాడు. టీ రంగు పొగలా పాకి, సంచుల మధ్యకి వెళ్ళి, కనపడకుండా పోయింది. వాటికి చీకటి ఇష్టమని ఆవిడ పట్టా కప్పించింది.

*

వారం తర్వాత ఆవిడ ఒక సంచి తెరిచి చిప్ప ఒకటి తీసి నాన్నకి ఇచ్చింది. లోపలి తెలుపు మీద మిరియప్పొడి చల్లినట్టు చుక్కలున్నాయి. నాన్న ఒక చుక్క కింద గోరు పెట్టి లేపబోయాడు. రాలేదు. గట్టిగా నొక్కాడు. గోరు విరిగింది. చుక్క కదల్లేదు.

"దేంతో అతుక్కుంది?"

"సున్నంతోనే. మీరు చేసేలాంటిదే. కాస్త జిగురు కలుపుతుంది. నీళ్ళలో కరిగి ఉన్నదాన్ని తీసుకుని తనే చేసుకుంటుంది. అతుక్కునేదీ దాంతోనే, ఇల్లు కట్టుకునేదీ దాంతోనే."

"నిప్పో?"

"నిప్పెందుకు?"

నాన్న చిప్పని ఎండకి పట్టి చూశాడు. మా సున్నానికి లారీడు కట్టెలు కావాలి. రాత్రీ పగలూ ఆరని మంట కావాలి. తడిపితే కుతకుతా ఉడుకుతుంది, పొరపాటున కంట్లో పడితే చూపు పోతుంది. గోడకి పూశాక ఆరేదాకా చినుకు పడకూడదు.

"నీళ్ళలో ఉండగానే బిగుస్తుందా?" అని మళ్ళీ అడిగాడు.

"నీళ్ళలోనే బిగుస్తుంది."

"కనపడనంత చిన్న ప్రాణికి..." అన్నాడు. చిప్పని తీసిన చోటే, తీసిన వాటంగానే పెట్టాడు.

సంచులు పడవ మీద తీసుకెళ్ళి మొగలో డాక్టరమ్మ గుర్తు పెట్టిన చోట దించాం. పడవ వెనక్కి తిరిగాక వానలు మొదలయ్యాయి.

ఆ ఏడు వానలు బలంగా పడ్డాయి. ఏరు ఎర్రగా పొంగి వచ్చి మొగలో ఉప్పంతా కడిగేసింది. డాక్టరమ్మ ఫోను చేసింది. తియ్యటి నీరు తగిలితే గుల్లలు మూసుకుంటాయంది. ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టే. పెద్దవి చాలాకాలం ఉండగలవు. ఇవి పిల్లలు, ఎన్నాళ్ళుంటాయో చెప్పలేనంది. నాన్న ఫోను నాకిచ్చి అరుగు మీదికి వెళ్ళి ఏటిని చూస్తూ నిలబడ్డాడు. అప్పట్నుంచి రోజూ పొద్దున ఏటి నీళ్ళు దోసిట్లో తీసి నాలిక మీద వేసుకుని ఉమ్మేసేవాడు. మేం అడగకముందే తల అడ్డంగా ఊపేవాడు.

ఎండల్లోనే రావలసిన కట్టెల లారీ అప్పటికి వచ్చి గేటు దగ్గర ఆగింది. డ్రైవరు దిగి, దారి ఉండాల్సిన చోట నిలిచిన నీళ్ళు చూసి, "ఇదేంటి, బట్టీకి వెళ్ళడం ఎలా?" అన్నాడు.

"వెళ్ళడం లేదు," అన్నాడు నాన్న.

"ఈ ఏడాదికా?"

లారీ వెనక్కి పోయింది. ఇంటికీ బట్టీకీ మధ్య వేసిన బల్ల మీద నడవబోయి అత్త బురదలో కూర్చుండిపోయింది. లేవదీయబోతే నా చెయ్యి తోసేసి, అక్కణ్ణుంచే నాన్నతో అంది: "అటు బట్టీ పోగొట్టుకున్నావు. ఇటు అవీ పోతే అప్పుడేం చేస్తావురా?"

"తెలీదక్కా," అన్నాడు.



*

వానలు వెనక్కి తగ్గాయి. నీళ్ళు నాలికకి ఉప్పగా తగిలిన రోజు నాన్న అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. డాక్టరమ్మ వచ్చే వారం వస్తానంది. ఈలోగా ఓ పొద్దున ఆటుకి నీరు బాగా వెనక్కి తీసింది. నాన్న ఆగలేకపోయాడు. మా ఆయన పడవ తీశాడు. అత్త కూడా ఎక్కింది, వద్దంటే వినలేదు.

పడవ ఆగగానే నాన్న తొడల్లోతు నీళ్ళలో దిగాడు. మొదటి సంచి ఒండ్రులో సగం కూరుకుపోయి ఉంది. చేత్తో తీసి చూశాడు. పిల్లలు వేలిగోరంత పెరిగి, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. లోపల ఏమీ లేదు, ఒండ్రు తప్ప. రెండోదీ అంతే. మూడోదాన్ని తీయకుండా పైనుంచి చేత్తో తడిమి వదిలేశాడు. మా ఆయన పడవ తోసే గెడ పట్టుకుని నీళ్ళలోకి చూస్తూ ఉండిపోయాడు.

నాన్న వెనక్కి రాకుండా ముందుకే నడిచాడు. అక్కడ నేల కొంచెం పల్లం, ప్రవాహం తిరుగుతూ ఒండ్రు నిలవనివ్వని చోటు. చివరి వరస సంచులు అక్కడ వేశాం. వెళ్ళి వంగాడు. వంగినవాడు లేవలేదు.

నేను పడవ దిగి వెళ్ళాను. దగ్గరికి వెళ్ళేకొద్దీ నీళ్ళు తేరుకున్నాయి. మొగలో నా పాదం నాకు కనపడటం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. సంచుల వల కనపడటం లేదు. దాని నిండా గుల్లలు, నాణెమంతవి, వాటి మీద ఎక్కి ఇంకా చిన్నవి, వేలు పెట్టే సందు లేకుండా. ప్రతిదీ వెంట్రుకవాసి తెరుచుకుని ఉంది. ఆ సన్నటి తెరుపులో నల్లటి అంచు ఒకటి కదులుతోంది.

నా నీడ వాటి మీద పడింది. అన్నీ మూసుకున్నాయి. ఒక్కసారి కాదు. నీడ వెళ్ళిన దారినే, ఈ కొస నుంచి ఆ కొసకి, వరసగా.

"పక్కకి జరుగు," అన్నాడు నాన్న, గొంతు తగ్గించి.

జరిగాను. ఇద్దరం కదలకుండా నిలబడ్డాం. చాలాసేపటికి ఒకటి తెరుచుకుంది. దాని పక్కది తెరుచుకుంది. నాన్న అరచెయ్యి చాపి వాటి మీదుగా నెమ్మదిగా తీసుకెళ్ళాడు. చెయ్యి కింద మూసుకుంటూ పోయాయి. చెయ్యి వెనక్కి తీసుకుని గుండెకి ఆనించుకున్నాడు, వేడి తగిలినవాడిలా.

"ఏం చేస్తున్నారర్రా అక్కడ?" అని పడవలోంచి అత్త కేకేసింది. "ఉన్నాయా లేవా?"

నేను ఉన్నాయని తల ఊపాను. అత్త మా ఆయన భుజం పట్టుకుని పడవలో లేచి నిలబడింది.

పోటు మొదలైంది. నీరు నాన్న నడుము దాకా వచ్చింది, తర్వాత ఇంకొంచెం పైకి. ఇక వెళ్దాం పదమన్నాను.

"ఉండమ్మా," అన్నాడు. "ఆ చివరివి ఇంకా తెరుచుకోలేదు."